కొత్త సంఘం మొదలైంది, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. అనుభవం ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి

మల్లంపేట_అమ్మ:
అందరికీ వందనాలు. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి. పెళ్ళయినప్పటి నుంచీ మేము కూకట్‌పల్లిలో ఒక సంఘానికి వెళ్తున్నాం. ఇప్పుడు మల్లంపేట, బాచుపల్లి వైపు విశ్వాసుల కుటుంబాలు బాగా పెరిగాయి, పసిపిల్లలతో, పెద్దవాళ్ళతో అంత దూరం రావడం అందరికీ కష్టమైపోతోంది. అందుకని ఇటువైపే ఒక సహవాసం మొదలుపెడదామని మా పాస్టర్ గారు, పెద్దలు కలిసి నిర్ణయించారు. ముందుండి చూసుకోమని మూడు కుటుంబాలకు అప్పగించారు, అందులో మాది ఒకటి. ప్రస్తుతానికి బుధవారం రాత్రి గృహ కూడిక మా ఇంట్లోనే, ఆదివారం ఆరాధన కూడా మా హాల్లోనే. తర్వాత ఏదైనా అద్దె హాలు చూద్దామన్నారు.

మా ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారంలో సగం రోజులు రాత్రిళ్ళు కాల్స్ ఉంటాయి. కీబోర్డ్ వాయించేది ఆయనొక్కరే. పాప యూకేజీ, బాబుకి ఇంకా రెండేళ్ళు నిండలేదు. అత్తయ్య గారు మాతోనే ఉంటారు, ఆవిడకి షుగర్, అన్నం టైముకి పడాలి. ఇష్టం లేక అడుగుతున్నానని అనుకోవద్దు, ప్రార్థన చేసుకునే ఒప్పుకున్నాం. కానీ శనివారం రాత్రి సోఫాలు జరిపి చాపలు పరవడం, ఆదివారం అందరికీ టీ, కూడిక అయ్యాక ఎవరో ఒకరు తమ బాధ చెప్పుకోవాలని ఉండిపోవడం, వాళ్ళకి ఇంత అన్నం పెట్టకుండా పంపలేం కదా, ఇదంతా అయి సోమవారం పొద్దున పాపకి బాక్స్ కట్టేసరికి ఒంట్లో ఓపికే ఉండటం లేదు. మొన్న పాప "ఈ సండే మనింటికి ఎవ్వరూ రాకపోతే బాగుండు మమ్మీ" అంది. అప్పటి నుంచీ నాకు టెన్షన్‌గా ఉంది. దేవుని పని అంటే దానికి విసుగు పుడుతుందేమోనని.

ఇలా మొదటి నుంచీ ఒక సంఘంతో ఉన్నవాళ్ళు పిల్లల్ని, ఇంటిని ఎలా చూసుకున్నారు? ఖర్చులు ఎవరు పెట్టుకున్నారు? ఇంటి ఓనరుకి ఏం చెప్పారు?

ప్రకాశం_సిస్టర్:
వందనాలమ్మా. మా వారు ఒంగోలు పక్క పల్లెల్లో సేవ చేస్తారు, నేను కొత్త పెళ్ళికూతురిగా వచ్చిన ఇంట్లోనే మా సంఘం మొదలైంది, అందుకని నువ్వు రాసిన ప్రతి లైనూ నాకు తెలుసు. అన్నిటికంటే ముందు ఆ వంట సంగతి తేల్చుకో. ఆదివారం మధ్యాహ్నం భోజనం నీ వంటింట్లోంచి రాకూడదు. వారానికొక కుటుంబం పులిహోరో, పెరుగన్నమో వాళ్ళింట్లోనే వండి తీసుకురావాలి, గిన్నెలు వాళ్ళే కడిగి తీసుకెళ్ళాలి. మన ఆడవాళ్ళకి ఇది నోటితో చెప్పడం మొహమాటం. నువ్వు చెప్పకు, పెద్దల చేత ప్రకటనల్లో చెప్పించు. అప్పుడు ఎవరూ నిన్ను తప్పుగా అనుకోరు.

రెండో మాట. అత్తయ్య గారికి ముందు పెట్టు. ప్రసంగం నడుస్తున్నా సరే, టైమయితే లోపలికి తీసుకెళ్ళి అన్నం పెట్టి మాత్ర వెయ్యి. ఒక గది తలుపు మూసి ఉండాలి, అందులోకి సంఘం రాకూడదు. బాబు నిద్రపోయేది, ఆవిడ నడుం వాల్చేది ఆ గదిలోనే.

ఇంకొకటి, ఇది నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. మీ మూడు కుటుంబాల పెద్దలు కూర్చుని మాట్లాడుకునేటప్పుడు నువ్వు ఎక్కడుంటావు? వంటింట్లో టీ పెడుతూ ఉంటే మాత్రం ఆ పని మానేసి వెళ్ళి కూర్చో. మీటింగు ఎవరింట్లో, ఎన్ని గంటలకు, ఎంతమందికి అనేది తేలేది అక్కడే, ఆ బరువు మోసేది నువ్వు. అకుల ప్రిస్కిల్లల ఇంట్లో సంఘం ఉండేదని మనం గొప్పగా చెప్పుకుంటాం, ఆ వచనాల్లో ప్రిస్కిల్ల పేరు భర్త పేరుకంటే ముందు వచ్చిన చోట్లు కూడా ఉన్నాయి. ఆవిడ ఆ పనిలో సగం మనిషి. నువ్వూ అంతే.

అనంతపురం_తండ్రి:
నేను కాస్త వేరుగా చెప్తాను, ఏమీ అనుకోవద్దు సిస్టర్. నా అభిప్రాయం ఇప్పుడు ఆగమనే. బాబుకి మూడేళ్ళు వచ్చేదాకా ఇంకో కుటుంబం ఇంట్లో పెట్టుకోమనండి. చిన్నపిల్లల వయసు మళ్ళీ రాదు. ఈ భారం దేవుడు పెట్టాడా, మనుషులు పెట్టారా అన్నది మీరిద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. మా వైపు ఇలా ఇంట్లో మొదలైన సహవాసం ఒకటి నాకు బాగా తెలుసు. ఆ ఇంటి భార్యాభర్తలు ఒక పూట తమకోసం అంటూ కూర్చున్నది లేదు, చివరికి వాళ్ళిద్దరి మధ్యే మాటలు తగ్గిపోయాయి. సంఘం నిలబడింది, ఆ కుటుంబం మాత్రం ఇప్పుడు ఏ సంఘానికీ వెళ్ళడం లేదు. తన ఇంటివారిని చూసుకోలేనివాడు సంఘాన్ని ఎలా చూస్తాడని తిమోతికి రాసిన మాట ప్రసంగాల్లో వింటాం, ఆచరణలో పెట్టేది తక్కువ.

ఇంకో ప్రశ్న. మిమ్మల్ని మీ పాత సంఘం పంపిందా, లేక అక్కడ ఏదైనా గొడవ అయి బయటికొచ్చారా? మన తెలుగు ప్రాంతాల్లో కొత్త సంఘం అని బోర్డు పెట్టిన చోట చాలావరకు వెనక ఒక తగాదా ఉంటుంది, అందుకే అడుగుతున్నా. అలా వచ్చిందయితే మీ పిల్లలు పెరిగేది ఆ కోపం మధ్యలో.

మల్లంపేట_అమ్మ:
@అనంతపురం_తండ్రి అన్నా, గొడవ ఏమీ లేదు. మా పాస్టర్ గారు ఆరాధనలో అందరి ముందు మా కుటుంబాలను నిలబెట్టి చేతులుంచి ప్రార్థన చేసి పంపారు. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్లకి ఆయనే వస్తారు. మిగతా వారాలు ఒక తమ్ముడు వాక్యం చెప్తున్నాడు, బైబిలు కాలేజీ అయిపోయిన కుర్రాడు.

@ప్రకాశం_సిస్టర్ అక్కా, మీటింగులో కూర్చోమన్న మాట చదివి చాలాసేపు ఆలోచించాను. నిజంగా నేను టీ పెడుతూనే ఉంటాను.

గుంటూరు_మాస్టారు:
అమ్మాయీ, నేను రిటైర్డ్ హెడ్మాస్టర్ని, మాది లూథరన్ సంఘం. 1842లో మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చిన దగ్గర్నుంచీ లెక్క చెప్పుకునే కుటుంబాలు మా చుట్టూ ఉన్నాయి. అంతియొకయలో సంఘం ఉపవాసముండి ప్రార్థించి బర్నబాను, సౌలును పంపింది, మిమ్మల్నీ అలాగే పంపారు. అది పెద్ద బలం. పంపిన సంఘానికి మీ మీద బాధ్యత ఉంటుంది, మీ అద్దెలో, మీ ఓపికలో వాళ్ళకీ భాగం ఉండాలి, అది అడగడానికి మీకు హక్కుంది.

మన ప్రాంతంలో సంఘాలు ఎలా మొదలయ్యాయో ఒకసారి గుర్తు చేస్తాను, ధైర్యం వస్తుంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలులో ఇప్పుడు ప్రార్థన కొండ అంటున్న చోట మోకరించింది ఐదుగురు. మిషనరీ జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, వాళ్ళతో తెలుగు విశ్వాసులు ముగ్గురు, ఆ ముగ్గురిలో ఇద్దరు స్త్రీలు. అప్పటికి అక్కడ సంఘమనేది లేదు. ఇంకో మిషనరీ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చాడు, 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. అంటే కొండ మీద ప్రార్థనకీ సంఘానికీ మధ్య పదమూడేళ్ళు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు, ఇది అందరికీ తెలుసు. చాలామంది చెప్పుకోని సంగతి ఇంకొకటుంది. అంతకు ముందు 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం పనిలో క్లౌ వేలమందికి కూలి ఇప్పించాడు, ఆ కరువు పని నడిచినంత కాలం బాప్తిస్మాలు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. కూడు కోసం వచ్చారన్న మాట పడకూడదని. సంఖ్య కోసం తొందరపడని మనుషులు కట్టిన సంఘాలమ్మా ఇవి. మీరూ తొందరపడకండి.

కాకినాడ_కుర్రాడు:
మాస్టారూ, చరిత్ర వింటే బాగుంటుంది, కానీ ఆ దొరలకి మిషన్ జీతం వచ్చేది, బంగళాలో వంటవాళ్ళు, ఆయాలు ఉండేవాళ్ళు. ఈ అక్కకి పనిమనిషి కూడా ఉందో లేదో తెలీదు. పోలిక సరిపోదని నా ఉద్దేశం.

నేను పాస్టర్ గారి అబ్బాయిని. పాప మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను. ఆ పాప దేవుడి మీద విసుగు చూపించడం లేదక్కా, తన ఇల్లు తనకి కావాలంటోంది, అంతే. మా ఇంట్లో ఆదివారం వచ్చిన పిల్లలు నా బొమ్మలు విరగ్గొట్టేవాళ్ళు, నేను ఏడిస్తే "పాస్టర్ గారి అబ్బాయివి, పంచుకోవాలి కదా" అనేవాళ్ళు. ఆ మాట పెద్దయ్యాక కూడా నన్ను వదల్లేదు. దయచేసి పాప బొమ్మల అలమరాకి తాళం వేయండి. సంఘానికని వేరే డబ్బాలో కొన్ని బొమ్మలు, రంగు పెన్సిళ్ళు పెట్టండి. ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరి ముందు కంఠత వాక్యం చెప్పమని నిలబెట్టొద్దు. ప్రసంగంలో పాప గురించి ఉదాహరణలు వద్దని ఆ తమ్ముడికి ముందే చెప్పండి.

మా అమ్మ చేసిన మంచి పని ఒకటుంది. సోమవారం సాయంత్రం మా ఇంటికి ఎవరొచ్చినా "రేపు రండి" అని చెప్పేది, నాన్న ఫోన్ బీరువా మీద పెట్టేవారు. ఎవరైనా ఆసుపత్రిలో ఉంటే తప్ప అది మారేది కాదు. మా చెల్లీ నేనూ ఇప్పటికీ సంఘంలో ఉన్నామంటే అందులో ఆ సోమవారాలకి పెద్ద వాటా ఉంది.

గుంటూరు_మాస్టారు:
@కాకినాడ_కుర్రాడు నాయనా, నువ్వన్నది నిజం. అయితే ఒంగోలు చుట్టూ పల్లెల్లో సువార్త మోసింది దొరలొక్కరే కాదు. తాళ్ళకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ లాంటివాళ్ళే ఎక్కువ. వాళ్ళకి బంగళా లేదు, ఉన్నది ఒక పల్లె ఇల్లు, ఊరివాళ్ళ దగ్గర మాటలు పడుతూ నిలబడ్డారు. నేను ఆ కుటుంబాన్ని తలుచుకుని రాశాను. సోమవారం సంగతి మాత్రం చాలా బాగుంది, మా కోడలికి చదివి వినిపించాను.

లెక్కల_బ్రదర్:
ఖర్చుల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను, ట్రస్టుల, సొసైటీల లెక్కలు చూడటం నా వృత్తి. మొట్టమొదటిది, కానుక డబ్బు మీ ఆయన ఫోన్‌పే నంబరుకి రాకూడదు. ఇంట్లో సంఘం మొదలైన చోటల్లా ఇదే జరుగుతుంది, సులువుగా ఉంటుందని హాల్లో గోడకి ఆయన క్యూఆర్ కోడ్ అంటిస్తారు. కొన్నాళ్ళకి ఆ డబ్బు జీతంతో కలిసిపోతుంది, ఏది ఎవరిదో తేలదు, ఆదాయపన్ను నుంచి ప్రశ్న వస్తే జవాబు చెప్పాల్సింది ఆయనే, సంఘంలో ఎవరికైనా అనుమానం వస్తే మాట పడేదీ ఆయనే. మిమ్మల్ని పంపిన సంఘానికి రిజిస్ట్రేషన్, బ్యాంకు ఖాతా ఉంటే ప్రస్తుతానికి కానుకలన్నీ అందులోకే వెళ్ళనివ్వండి, మీ ఖర్చులు అక్కడి నుంచే రానివ్వండి. ప్రతి ఆదివారం కానుక పెట్టె ఇద్దరు కలిసి తెరవాలి, ఆ ఇద్దరూ భార్యాభర్తలు కాకూడదు, లెక్కపెట్టి పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి.

విడిగా రిజిస్టర్ చేసుకునే రోజు వస్తే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి, నియమావళి రాసుకోవాలి. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన చట్టమే తెలంగాణలోనూ నడుస్తోంది. లేదా ట్రస్టుగా డీడ్ రాసుకోవచ్చు. ఆ ఏడుగురిలో ఒకే ఇంటివాళ్ళు ముగ్గురు నలుగురు ఉండకుండా చూసుకోండి, ఆస్తి వచ్చాక గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. కేవలం ఆరాధన కోసమే ఉన్న సంస్థకి 80జి అని అందరూ పిలిచే పన్ను రాయితీ దొరకదు, అది వస్తుందని ఎవరికీ మాటివ్వకండి.

మీ ఇంట్లో టీ పొడి, పాలు, కరెంటు, ఇవి కూడా రాయండి. కానుకగా ఇచ్చామనుకుంటే అలాగే రాయండి, కానీ రాయకుండా వదలొద్దు. రేపు అద్దె హాలుకి మారినప్పుడు సంఘానికి నిజంగా నెలకి ఎంతవుతుందో తెలియాలంటే ఈ లెక్క కావాలి.

ఫ్రిస్కో_తెలుగు:
డల్లాస్ పక్క నుంచి రాస్తున్నాను. మా తెలుగు సంఘం కూడా నాలుగైదు కుటుంబాలతో ఒకరి బేస్‌మెంట్... కాదు, ఇక్కడ టెక్సస్‌లో బేస్‌మెంట్లు ఉండవు, ఒకరి లివింగ్ రూములో మొదలైంది. తర్వాత ఒక అమెరికన్ సంఘం వాళ్ళ హాలు ఆదివారం మధ్యాహ్నం అద్దెకి తీసుకున్నాం. ఇంటి నుంచి హాలుకి మారాక పని తగ్గుతుందనుకోకండి, రకం మారుతుంది. ప్రతి వారం స్పీకర్లు కారులో వేసుకెళ్ళి, బిగించి, మళ్ళీ విప్పి, పిల్లలు నిద్రపోయే టైముకి అక్కడ కూర్చోబెట్టి. మేము చేసింది ఏమిటంటే చిన్నపిల్లల గదిలో వంతులు వేశాం, నెలకొకసారి కంటే ఎక్కువ ఏ తల్లికీ రాదు, తండ్రులకీ వంతు ఉంది. తల్లి ఏడాది పొడుగునా వాక్యం వినకుండా పసిబిడ్డతో వెనక గదిలో గడపడం మన సంఘాల్లో మామూలైపోయింది, అది మారాలి.

సండే స్కూల్ విషయంలో మా నియమం ఇది. పిల్లలతో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి, ఆ ఇద్దరూ ఒకే కుటుంబం కాకూడదు, తలుపు తెరిచే ఉండాలి. తెలిసినవాళ్ళే కదా అని వదిలేయొద్దు. సంఘం చిన్నగా ఉన్నప్పుడే ఈ అలవాటు పెడితే ఎవరూ బాధపడరు, పెద్దయ్యాక పెడితే "మా మీద నమ్మకం లేదా" అంటారు.

ఒక సందేహం, మా వాళ్ళు కొందరు ఇండియాలో ఇలాంటి కొత్త సంఘాలకి డబ్బు పంపాలనుకుంటారు. @లెక్కల_బ్రదర్ అది ఎలా?

లెక్కల_బ్రదర్:
@ఫ్రిస్కో_తెలుగు జాగ్రత్తగా చదవండి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో ఇస్తే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్నాక, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఇస్తే అది విదేశీ విరాళమే. దాన్ని తీసుకోవాలంటే సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం, కింద అనుమతి ఉండాలి, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. మల్లంపేట లాంటి కొత్త సహవాసానికి అవేవీ ఉండవు. కాబట్టి ఎవరైనా "మీ ఆయన ఖాతాకి పంపుతాను, సంఘానికి వాడండి" అంటే వద్దని చెప్పండి. ఎంత దగ్గరి బంధువైనా సరే.

పక్కఫ్లాట్_అక్క:
నేను క్రైస్తవురాలిని కాదు, మాది నిజాంపేట, మా పక్క ఫ్లాటులో ఇలాంటి కూడిక జరుగుతుంది కాబట్టి ఆ వైపు నుంచి రాస్తున్నాను. మా పక్కింటివాళ్ళు మొదలుపెట్టే ముందు అంతస్తులో అందరి ఇళ్ళకీ వచ్చి ఏ రోజు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటలదాకా అని చెప్పారు. ఇబ్బందయితే ఫోన్ చేయండని నంబరు ఇచ్చారు. అక్కడే సగం గొడవ పోయింది. మాకు ఇబ్బంది పాటలు కాదండీ, నిజం చెప్పాలంటే పాటలు బాగుంటాయి. లిఫ్టు ముందు చెప్పులు, మా పార్కింగులో వాళ్ళ బండ్లు, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత మెట్ల మీద నిలబడి కబుర్లు. వాళ్ళు చెప్పులకి ఇంటి లోపలే ఒక రాక్ పెట్టారు, బండ్లు బయట రోడ్డు పక్క పెట్టమని ఒకబ్బాయిని కింద నిలబెట్టారు. మైకు మాత్రం వద్దమ్మా, అపార్ట్‌మెంటులో అవసరం లేదు. మా మనవరాలు పుట్టినప్పుడు నెల రోజులు వాళ్ళంతట వాళ్ళే డోలక్ ఆపేశారు, అది నేను మర్చిపోలేను.

కీబోర్డ్_తమ్ముడు:
అక్క చెప్పింది వంద శాతం కరెక్ట్. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45, అదీ నిబంధన. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయటికి లౌడ్ స్పీకరే పెట్టకూడదు, పగలు పెట్టాలన్నా అనుమతి కావాలి. హాల్లో ముప్ఫై మంది చప్పట్లు కొట్టి పాడితేనే 55 దాటిపోతుంది, దాని మీద రిథమ్ ప్యాడ్, ఆంప్లిఫయరు ఎందుకు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో చాలావరకు ఏ వాయిద్యం లేకుండా పాడుకోవడానికి హాయిగా ఉంటాయి, ఒక మంచి గొంతు అందుకుంటే చాలు.

బావగారి రాత్రి డ్యూటీ గురించి. కీబోర్డ్ ఆయన ఒక్కరే అన్నారు కదా, అలా ఉంచకండి. డ్యూటీ చేసి వచ్చి నిద్ర లేకుండా ఆరాధన నడిపించడం కొన్నాళ్ళు బాగానే ఉంటుంది, ఆ తర్వాత మనిషి పాట పాడుతున్నా మనసు అక్కడ ఉండదు. టెన్త్, ఇంటర్ పిల్లల్లో ఎవరికైనా ఆసక్తి ఉంటే శనివారం అరగంట నేర్పమనండి. నెలలో ఒక ఆదివారం ఆయన వాయించకుండా పాప పక్కన కూర్చోవాలి. ఆ రోజు కీబోర్డ్ లేకపోతే లేకుండానే పాడండి.

ప్రకాశం_సిస్టర్:
ఒక సంగతి మర్చిపోయాను. మీ హాల్లో కూడికల ఫొటోలు, ముఖ్యంగా కొత్తగా వచ్చేవాళ్ళవి, వాట్సాప్ స్టేటస్‌లో, ఫేస్‌బుక్‌లో పెట్టకండి. కొంతమంది ఇంట్లో చెప్పకుండా వస్తారు, ఇంకొందరికి ఇంట్లో చెప్పినా ఊళ్ళో చెప్పడం ఇష్టం ఉండదు. 1950 నాటి ఉత్తర్వు ప్రకారం దళితులు క్రైస్తవులైతే ఎస్సీ హోదా పోతుంది, మన రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-సీ కిందికి వస్తారు, పిల్లల చదువు, ఉద్యోగం అన్నీ దానితో ముడిపడి ఉన్నాయి. అది న్యాయమా కాదా అన్నది పెద్ద చర్చ, నా మనసుకి అది చాలా బాధ కలిగించే విషయం. కానీ ఆ నిర్ణయం ఆ మనిషి తెలుసుకుని, ఆలోచించి తీసుకోవాలి, మనం తొందరపెట్టకూడదు, మన ఫొటో వల్ల అసలే బయటపడకూడదు.

అనంతపురం_తండ్రి:
సిస్టర్ మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. ముందు నేను ఆగమన్నాను, పంపినవాళ్ళు వెనక ఉన్నారని తెలిశాక నా మాట కొంచెం మార్చుకుంటాను. ఆగక్కర్లేదు, కానీ గడువు పెట్టమనండి. మీ ఇంట్లో ఎప్పటిదాకా అనేది ఈ రోజే తేదీతో సహా పెద్దలు చెప్పాలి. "తర్వాత ఏదైనా హాలు చూద్దాం" అన్నది ఏళ్ళు గడుస్తుంది.

మల్లంపేట_నాన్న:
నేను ఆవిడ భర్తని. కాల్ మధ్యలో ఖాళీ దొరికినప్పుడు మొత్తం చదివాను. పాప అన్న మాట ఆవిడ నాకు ఇంకా చెప్పలేదు, ఇక్కడే చూశాను. అందరికీ చాలా థాంక్స్. క్యూఆర్ కోడ్ ఇంకా పెట్టలేదు కానీ పోయిన వారమే మాటల్లో వచ్చింది, ఇక అది వద్దని చెప్పేస్తాను. శనివారం పెద్దలతో కూర్చుంటున్నాం, ఆవిడ కూడా కూర్చుంటుంది, టీ నేను పెడతాను. @అనంతపురం_తండ్రి గారూ, తేదీ అడుగుతాం.

ఫ్రిస్కో_తెలుగు:
@మల్లంపేట_నాన్న బ్రదర్, ఇంకొకటి కూడా అడగండి. వాక్యం చెప్పే ఆ తమ్ముడికి జీతం ఎవరిస్తున్నారు? పెళ్ళి కాని కుర్రాడని, ఏదో ఒకటి సర్దుకుంటాడని వదిలేస్తారు. అతనూ రేపు ఒక ఇంటివాడవుతాడు.

మల్లంపేట_అమ్మ:
మళ్ళీ వచ్చాను, ఏం జరిగిందో చెప్పాలి కదా. మీటింగులో కూర్చున్నాను. మొదట కాస్త బెరుగ్గా ఉంది, తర్వాత మాట్లాడేశాను. బుధవారం కూడిక ఇక మూడు ఇళ్ళల్లో వంతుల వారీగా. ఆదివారానికి మా పక్క కాలనీలో ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు కింది అంతస్తులో రెండు గదులు ఆదివారం పూట అద్దెకి ఇస్తామన్నారు, వచ్చే నెల మొదటి వారం నుంచి అక్కడే. మొదటి ఏడాది అద్దెలో సగం కూకట్‌పల్లి సంఘం పెట్టుకుంటుంది, తమ్ముడి జీతం కూడా అక్కడి నుంచే. ఈలోపు మా ఇంటి ఓనరు గారికి విషయం చెప్పాం, ఆయన మంచివారు, ఈ నెల దాకా పర్లేదన్నారు. పక్కఫ్లాట్ అక్క చెప్పినట్టు అంతస్తులో అందరికీ చెప్పాం. ఎదురింటి ఆంటీ ఈ మధ్య మా చెప్పుల గురించి వాచ్‌మన్‌తో అన్నారట, మాకు ఇప్పుడే తెలిసింది, రాక్ కొన్నాం.

పాప బొమ్మల అలమరాకి తాళం వేశాం, తాళంచెవి దాని దగ్గరే ఉంటుంది. సోమవారం సాయంత్రం మాకోసం అన్నది మొదలైంది, మొదటివారమే ఒకరు ఫోన్ చేశారు, అత్తయ్య గారు తీసి "రేపు మాట్లాడతారమ్మా" అన్నారు. ఆవిడ ఇంకొక పని కూడా అందుకున్నారు. మా వింగులో నలుగురు పెద్దావిడలు మంగళవారం మధ్యాహ్నం ఆవిడ గదిలో కూర్చుని ప్రార్థన చేసుకుంటున్నారు, టీ కూడా ఆవిడే పెడుతున్నారు, నన్ను రావద్దంటున్నారు.

అలసట పోయిందని చెప్పను. బాబుకి జ్వరం వచ్చిన ఆదివారం నేను లోపలే ఉండిపోయాను, ఎవరూ ఏమీ అనుకోలేదు. కింద ఫ్లాటు అమ్మాయి ఒకరు వస్తున్నారు, భర్త పోయి ఏడాది కాలేదు, ఆవిడ పాటలప్పుడు ఏడ్చేస్తుంది, వెళ్ళేటప్పుడు నా చేయి పట్టుకుని కాసేపు వదలదు. ఆమెకోసమైనా ఈ సంఘం ఇక్కడ ఉండాలని నాకు గట్టిగా ఉంది.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. స్కూలు గదుల్లో యూకేజీ బల్లలు, చిన్న కుర్చీలు ఉన్నాయి, పెద్దవాళ్ళకి కుదరవు. నేల మీద కూర్చోలేనివాళ్ళు పదిమంది దాకా ఉంటారు. కుర్చీలు కొనాలా, టెంట్‌హౌస్ నుంచి వారం వారం తెచ్చుకోవాలా?

కీబోర్డ్_తమ్ముడు:
కొనండి అక్కా. వారం వారం తెస్తే ఆటో కిరాయితో కలిపి కొన్నాళ్ళకే కొన్నంత అవుతుంది. టెంట్‌హౌస్ వాళ్ళు సీజన్ అయిపోయాక పాత ప్లాస్టిక్ కుర్చీలు అమ్మేస్తారు, ముందు చేతులున్నవి ఒక పదిహేను తీసుకోండి, పెద్దవాళ్ళకి లేవడానికి పట్టు ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పేర్చి స్కూలు మెట్ల కింద పెట్టుకోనిస్తారేమో అడగండి.

లెక్కల_బ్రదర్:
బిల్లు కూకట్‌పల్లి సంఘం పేరు మీద తీసుకోండి. స్కూలు వాళ్ళతో ఆ అద్దె సంగతి కూడా కాగితం మీద రాయించుకోండి, గదులు, టైము, కరెంటు ఎవరు కట్టాలి అన్నీ.

ప్రకాశం_సిస్టర్:
ఆ కింద ఫ్లాటు అమ్మాయిని మంగళవారం అత్తయ్య గారి దగ్గరికి కూడా రమ్మని చెప్పమ్మా. మేము వేసవిలో మియాపూర్ మా ఆడపడుచు ఇంటికి వస్తాం, ఒక ఆదివారం మీ స్కూలు గదికి వస్తాను. పులిహోర నేను తెస్తాను, ఎంతమందికో ముందు రోజు మెసేజ్ పెట్టు.